వరుసలోంచి కబురు అందుకోవడం

పార్ట్ వన్ తెలుగు క్లాసులో కూర్చునే మనలో కంప్యూటర్ సైన్స్, బీసీఏ వాళ్లూ ఉన్నారు, కామర్స్, చరిత్ర వాళ్లూ ఉన్నారు. ఈ వ్యాసం అందరికీ. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబులో 'మెసేజ్ క్యూ' అని ఒక ప్రోగ్రాం ఉంటుంది. అందులో కబురు పంపే ప్రోగ్రాం ఒకటి, అందుకునే ప్రోగ్రాం ఒకటి. పంపడం తేలికే. అందుకోవడం దగ్గరే అసలు సంగతులన్నీ ఉన్నాయి. పైగా ఆ కబురు తెలుగులో ఉంటే, ఇంగ్లీషు ఉదాహరణలతో రాసిన పాఠ్యపుస్తకాల్లో కనిపించని ఒక ప్రమాదం కూడా ఉంది. అందుకే దీన్ని తెలుగు గోడపత్రికకే రాస్తున్నాను.

ముందుగా మాటల సంగతి. మెసేజ్ అంటే కబురు. కబుర్లు అని బహువచనం వాడితే కాలక్షేపం మాటలు అన్న అర్థం వచ్చేస్తుంది కాబట్టి బహువచనం కావాల్సినచోట సందేశాలు అంటాను. క్యూ అంటే వరుస. 'వరుస'కు మన భాషలో ఇంకో అర్థం కూడా ఉంది కదా: "ఆవిడ నీకు ఏ వరుస?" అని అడిగితే చుట్టరికం అడిగినట్టు. ఈ రెండో అర్థం కూడా కింద పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

వరుస ఎందుకు?

నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ఒక ప్రాసెస్‌కు ఇచ్చిన మెమరీని మామూలుగా ఇంకో ప్రాసెస్ చూడలేదు, ముట్టుకోలేదు. పక్కపక్క ఇళ్లే, కానీ మధ్యలో గోడ. ఆ గోడ కట్టింది ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్. ఒక ఇంట్లో తప్పు జరిగితే పక్కిల్లు కూలకూడదని కట్టింది. మరి ఇద్దరూ మాట్లాడుకోవాలంటే? గోడ కట్టిన కెర్నెలే మధ్యలో పోస్టాఫీసు కూడా నడుపుతుంది. ఆ సదుపాయాల్లో ఒకటి మెసేజ్ క్యూ.

పోస్టాఫీసు అనగానే మన ఊళ్లో గుర్తొచ్చేది రాజాజీ సాలైలోని జనరల్ పోస్టాఫీసు. ఎర్ర రంగులో కనిపించే ఆ భవనం రాబర్ట్ చిషోమ్ రూపకల్పన, 1884లో మొదలైంది. అక్కడ ఉత్తరం పడేసేవాడికీ దాన్ని అందుకునేవాడికీ ఒకరి ముఖం ఒకరు చూడాల్సిన పని లేదు. ఇద్దరూ ఒకే సమయంలో అక్కడ ఉండాల్సిన అవసరమూ లేదు. ఫోన్‌కీ ఉత్తరానికీ తేడా అదే. మెసేజ్ క్యూ ఉత్తరం లాంటిది. పంపిన ప్రాసెస్ తన పని ముగించుకుని వెళ్లిపోయినా కబురు కెర్నెల్ దగ్గర భద్రంగా ఉంటుంది. అందుకునే ప్రాసెస్ ఆ తర్వాత పుట్టినా సరే, వచ్చి తీసుకోవచ్చు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో బెల్ ల్యాబ్స్ వారి కొలంబస్ శాఖలో తయారైన యూనిక్స్ రూపంలో ఇది మొదట వచ్చింది. 1983లో విడుదలైన సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ ద్వారా లోకమంతా పాకింది. మన ల్యాబుల్లోని లినక్స్‌లో ఇప్పటికీ అదే పద్ధతి ఉంది. దానికి నాలుగే సిస్టమ్ కాల్స్: వరుసను తెరవడానికి 'ఎంఎస్‌జీగెట్', పంపడానికి 'ఎంఎస్‌జీఎస్ఎన్‌డీ', అందుకోవడానికి 'ఎంఎస్‌జీఆర్‌సీవీ', వరుసను చక్కబెట్టడానికీ తీసేయడానికీ 'ఎంఎస్‌జీసీటీఎల్'. ఇంగ్లీషు అక్షరాలను విడివిడిగా పలికితే అవే పేర్లు. ఇందులో మూడోదే మన పాఠం.

అందుకునేవాళ్లు చెప్పాల్సిన అయిదు సంగతులు

ప్రతి కబురుకూ రెండు భాగాలు. మొదటిది రకం, ఒక అంకె. అది 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి, సున్నా కుదరదు. రెండోది కబురు ఒళ్లు, అంటే అసలు విషయం.

అందుకునే కాల్‌కు అయిదు సంగతులు చెప్పాలి.

ఒకటి, ఏ వరుస. ఎంఎస్‌జీగెట్ తిరిగిచ్చిన నంబరు ఇది.
రెండు, ఎక్కడ పెట్టాలి. మనం ముందే సిద్ధం చేసుకున్న బఫర్ చిరునామా.
మూడు, ఎన్ని బైట్లు పడతాయి. ఇక్కడ రకం అంకెకు పట్టే చోటు కలపకూడదు, ఒళ్లు ఒక్కటే లెక్క. ల్యాబులో చాలామంది మొత్తం స్ట్రక్చర్ సైజు ఇచ్చేస్తుంటారు. అప్పుడు బఫర్ ఉన్నదానికన్నా పెద్దదని కెర్నెల్‌కు చెప్పినట్టవుతుంది. పెద్ద కబురు వస్తే అది బఫర్ దాటి పక్క మెమరీ మీద పడుతుంది.
నాలుగు, ఏ రకం కబురు కావాలి.
అయిదు, దొరక్కపోతే ఏం చేయాలి, పెద్దదైతే ఏం చేయాలి అన్న జెండాలు.

పని అయ్యాక ఆ కాల్ మనకు ఒక అంకె తిరిగిస్తుంది: ఒళ్లులో ఎన్ని బైట్లు వచ్చాయో ఆ లెక్క. మైనస్ 1 వస్తే ఏదో తేడా జరిగిందని అర్థం. ఈ అంకెను చూడకుండా వదిలేయడం అంటే చేతికొచ్చిన ఉత్తరం పూర్తిగా ఉందో చిరిగిందో చూడకుండా చదవడమే. ఇంకో మాట: కబురు చివర సున్నా బైటును కెర్నెల్ తనంతట తాను చేర్చదు. సీ భాషలో స్ట్రింగ్ ఎక్కడ ముగిసిందో చెప్పేది ఆ సున్నానే. పంపినవాళ్లు దాన్నీ కలిపి పంపాలి, లేదా అందుకున్నవాళ్లు తిరిగొచ్చిన లెక్క చూసి తామే పెట్టుకోవాలి.

ఏ వరుస కబురు?

నాలుగో సంగతే ఈ పద్ధతికి ప్రాణం. మామూలు క్యూలో ముందు నిలబడ్డవాళ్లదే ముందు వంతు. ఇక్కడ అలా ఒక్కటే దారి కాదు. చుట్టరికం అర్థంలో కూడా వరుస చూడొచ్చు: "నాకు ఈ వరుస వాళ్లే కావాలి" అని.

ఉత్తరాల మీద రాసే పిన్‌కోడ్ ఇలాంటిదే. 1972 ఆగస్టు 15న మొదలైన ఆ ఆరంకెల పద్ధతిలో మొదటి అంకె ప్రాంతాన్ని చెబుతుంది. 5తో మొదలైతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. 6తో మొదలైతే తమిళనాడు, కేరళ. తిరుపతి వైపు వెళ్లేవి 517, నెల్లూరు వైపు వెళ్లేవి 524, మన చెన్నై 600. ఉత్తరాలను వేరుచేసేవాళ్లు ఒళ్లు విప్పి చదవరు, అంకె చూస్తారు. కెర్నెల్ కూడా అంతే. కబురులో ఏముందో దానికి పట్టదు, రకం అంకె మాత్రం చూస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. వరుసలో ముందు నుంచి అయిదు సందేశాలు ఉన్నాయనుకోండి:

రకం 3: అద్దె రశీదు
రకం 2: ఫీజు గడువు
రకం 1: ఆస్పత్రి కబురు
రకం 2: హాల్‌టికెట్
రకం 1: మందుల చీటీ

అందుకునేవాళ్లు 0 అని అడిగితే రకంతో పని లేదు, అన్నిటికన్నా ముందున్న అద్దె రశీదు వస్తుంది. 2 అని అడిగితే రెండో రకంలో మొదటిది, అంటే ఫీజు గడువు. హాల్‌టికెట్ తర్వాతే. మైనస్ 2 అని అడిగితే కథ వేరు. 2 గానీ అంతకు తక్కువ గానీ ఉన్న రకాలన్నీ చూసి, వాటిలో అతి చిన్న అంకె ఉన్న రకంలోని మొదటిది ఇస్తుంది. అంటే ఫీజు గడువు ముందున్నా, చేతికొచ్చేది ఆస్పత్రి కబురు. మైనస్ 3 అడిగినా ఇదే జవాబు. అన్ని సందర్భాల్లోనూ ఒక్కో రకం లోపల మాత్రం ముందొచ్చినది ముందే.

కాబట్టి మైనస్ అంకె పెడితే అర్జెంటు పనులకు పెద్దపీట వేసినట్టు. కానీ దాని వెనక ఒక అన్యాయమూ ఉంది. ఒకటో రకం సందేశాలు ఆగకుండా వస్తూనే ఉంటే మూడో రకం కబురుకు వంతే రాదు. ఆపరేటింగ్ సిస్టమ్ పుస్తకాల్లో దీన్ని స్టార్వేషన్, అంటే పస్తు అంటారు. తిరుమలలో ప్రత్యేక ప్రవేశం వాళ్లనే పంపుతూ ఉంటే సర్వదర్శనం వాళ్లు కంపార్ట్‌మెంట్లలోనే కూర్చుండిపోవాలి. అందుకే అక్కడ రెండు వరుసల్నీ కదిలిస్తారు. మన ప్రోగ్రాములో ఆ బాధ్యత మనదే. నాలుగైదు సార్లు మైనస్‌తో అడిగాక ఒకసారి 0తో అడిగితే పస్తున్న కబురుకూ వంతు వస్తుంది.

కబురు లేకపోతే

అడిగిన రకం కబురు వరుసలో లేదనుకోండి. జెండా ఏదీ పెట్టకపోతే కెర్నెల్ ఆ ప్రాసెస్‌ను నిద్రపుచ్చుతుంది. కబురు వచ్చిన క్షణాన లేపుతుంది. నిద్రలో ఉన్న ప్రాసెస్ సీపీయూను వాడుకోదు. "వచ్చిందా? వచ్చిందా?" అని లూపు పెట్టి పదేపదే అడిగే ప్రోగ్రాం మాత్రం ఏ పనీ చేయకుండానే సీపీయూను తినేస్తుంది. కాబట్టి నిద్రపోవడం బద్ధకం కాదు, మర్యాద.

వేచి ఉండటం కుదరని పని అయితే 'ఐపీసీ నోవెయిట్' అన్న జెండా పెట్టాలి. అప్పుడు కబురు లేకపోతే వెంటనే మైనస్ 1తో తిరిగొచ్చేస్తుంది, కబురు లేదన్న ఎర్రర్ నంబరుతో.

నిద్రలో ఉండగా మరో రెండు జరగొచ్చు. ఎవరైనా ఆ వరుసనే తీసేయొచ్చు. అప్పుడు ప్రాసెస్ లేస్తుంది, వరుస పోయిందన్న ఎర్రర్ వస్తుంది. లేదా ఏదైనా సిగ్నల్ వచ్చి మధ్యలో లేపొచ్చు. ఇది నిజానికి తప్పు కాదు, నిద్ర చెడిందంతే. మళ్లీ అడగాలి. ఈ మూడింటికీ తిరిగొచ్చేది మైనస్ 1 ఒక్కటే. అందుకని ఎర్రర్ నంబరు చూడకుండా ప్రోగ్రామును ఆపేయకూడదు.

కబురు పెద్దదైతే: మూడు బైట్ల సంగతి

మొదట్లో చెప్పిన ప్రమాదం ఇదిగో. వచ్చిన కబురు మన బఫర్ కన్నా పెద్దదైతే కెర్నెల్‌కు రెండు దారులు. మామూలుగా అయితే ఇవ్వను అంటుంది. మైనస్ 1, మరీ పెద్దది అన్న ఎర్రర్ వస్తాయి. కబురు మాత్రం వరుసలోనే ఉంటుంది, పెద్ద బఫర్ తెచ్చుకుని మళ్లీ అడగొచ్చు. కానీ 'ఎంఎస్‌జీ నోఎర్రర్' అన్న జెండా పెడితే బఫర్‌కు పట్టినంత ఇచ్చి మిగతాది పారేస్తుంది. పారేసిన ముక్క మళ్లీ దొరకదు. కత్తిరించానని చెప్పదు కూడా.

ఇంగ్లీషు అక్షరం ఒక్కోటి ఒక్క బైటు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. గుర్తు అంటే మనం చూసే అక్షరం కాదు. హల్లు ఒక గుర్తు, గుణింతం ఒక గుర్తు, ఒత్తు కోసం పెట్టే పొల్లు ఇంకో గుర్తు. 'చెన్నై'ని విప్పితే చ, ఎత్వం, న, పొల్లు, న, ఐత్వం: ఆరు గుర్తులు, 18 బైట్లు. అదే పేరు ఇంగ్లీషులో ఏడక్షరాలు, 7 బైట్లు. 16 బైట్ల బఫర్ ఇంగ్లీషు చెన్నైకి సరిపోతుంది, మన చెన్నైకి చాలదు.

ఊరి పేరు తెగితే నవ్వుకోవచ్చు. ఈ రెండు వాక్యాలు చూడండి:

డబ్బు పంపవచ్చు
డబ్బు పంపవద్దు

'డబ్బు'లో అయిదు గుర్తులు, 15 బైట్లు. ఖాళీ 1 బైటు. 'పంపవచ్చు', 'పంపవద్దు' ఒక్కోటి ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. రెండు కబుర్లూ సరిగ్గా 40 బైట్లే. అందుకునేవాళ్ల బఫర్ 30 బైట్లు, నోఎర్రర్ జెండా పెట్టారు. ఏం వస్తుంది? 'డబ్బు పంపవ' వరకు 28 బైట్లు. తర్వాతి గుర్తులో రెండు బైట్లు. ఆ గుర్తు ఒక కబురులో చ, ఇంకో కబురులో ద. కానీ చ, ద రెండింటికీ మొదటి రెండు బైట్లు ఒకటే, తేడా మూడో బైటులోనే ఉంది. అంటే చేతికొచ్చిన 30 బైట్లు రెండు సందర్భాల్లోనూ అచ్చంగా ఒకటే! పంపమన్నారో వద్దన్నారో ఏ కంప్యూటరూ చెప్పలేదు.

ఇక్కడ మన వ్యాకరణం కూడా ఓ చెయ్యి వేసింది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అవును, కాదు అన్నది ఆ క్రియ చివర్న తేలుతుంది. వస్తాను, రాను, తినవచ్చు, తినవద్దు, ఇచ్చారు, ఇవ్వలేదు. ఇంగ్లీషులో వద్దు అనే మాట తరచుగా వాక్యం మొదట్లోనే వస్తుంది, తోక తెగినా తల మిగులుతుంది. మనకు తోకలోనే ప్రాణం. తెలుగు కబురును తోక కత్తిరించి అందుకోవడం అంటే అసలు సంగతి పారేసి మిగతాది ఉంచుకోవడం.

కాబట్టి తెలుగు సందేశాలకు బఫర్ లెక్క వేసేటప్పుడు కంటికి కనిపించే అక్షరాలు లెక్కపెట్టకండి. గుర్తులు లెక్కపెట్టి మూడుతో గుణించండి, ఖాళీలకు ఒక్కోటి కలపండి. నోఎర్రర్ జెండా జోలికి పోకండి. లినక్స్‌లో మామూలు ఏర్పాటు ప్రకారం ఒక కబురు ఒళ్లు 8192 బైట్లు మించకూడదు, మొత్తం వరుస 16384 బైట్లు మించకూడదు. తెలుగు గుర్తుల్లో చెప్పాలంటే ఒక కబురులో దాదాపు 2730. నిండు కబుర్లు రెండు పడితే వరుస నిండిపోతుంది. అప్పుడు పంపేవాళ్లు నిద్రపోవాలి, అందుకునేవాళ్లు ఒకటి తీసేదాకా.

తీసుకుంటే ఇక లేదు

మన గోడపత్రికను ఎంతమంది చదివినా కాగితం గోడమీదే ఉంటుంది. మెసేజ్ క్యూ అలా కాదు. ఒకరు అందుకున్న కబురు వరుసలోంచి పోతుంది. ఇద్దరు నిద్రలో వేచి ఉండగా ఒక కబురు వస్తే అది ఒక్కరికే దక్కుతుంది. అందరికీ చెప్పాల్సిన సంగతికి ఈ పద్ధతి పనికిరాదు. పనులు పంచుకోవడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఒక పని ఇద్దరు చేసే బెడద ఉండదు.

దీనికి రెండో ముఖం కూడా ఉంది. కబురు తీసుకున్న ప్రాసెస్ పని పూర్తిచేయకుండానే పడిపోతే? కెర్నెల్ దృష్టిలో కబురు అందింది, దాని బాధ్యత తీరింది. పంపినవాళ్లు పని జరిగిందనుకుంటారు. పని జరగలేదు. దీనికి మందు పాతదే. ఇదివరకు రిజిస్టర్డ్ పోస్టుకు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసినట్టు, పని అయ్యాక జవాబు పంపాలి. ల్యాబులో ఇలా చేయొచ్చు: అడిగేవాళ్లంతా రకం 1తో పంపుతారు, ఒళ్లులో తమ ప్రాసెస్ నంబరు రాస్తారు. పనిచేసేవాళ్లు జవాబును ఆ ప్రాసెస్ నంబరునే రకంగా పెట్టి పంపుతారు. అడిగినవాళ్లు తమ నంబరు రకం కబురు కోసమే వేచి ఉంటారు. ఒకే వరుసలో వందమంది జవాబులున్నా ఎవరిది వాళ్లకే. కొంతసేపటికీ జవాబు రాకపోతే పని జరగలేదని అనుమానించి మళ్లీ అడగొచ్చు.

ఇంకో జాగ్రత్త. ప్రాసెస్ ముగిసినా వరుస ముగియదు. తీసేసేదాకా, లేదా మెషీన్ ఆపేదాకా ఉంటుంది. ఒకే మెషీన్ మీద ఉదయం బ్యాచ్ వదిలేసిన సందేశాలు, అదే తాళంకీ నంబరుతో తెరిచిన మధ్యాహ్నం బ్యాచ్ వాళ్లకు వచ్చేస్తాయి. 'ఐపీసీఎస్' కమాండుతో ఏ వరుసలు మిగిలాయో చూడండి, 'ఐపీసీఆర్ఎం'తో తీసేయండి. వరుస తెరిచేటప్పుడు అనుమతి 0666 అని పెడితే ఆ మెషీన్‌లో ఖాతా ఉన్న ఎవరైనా మీ కబురు తీసుకోవచ్చు. 0600 అంటే మీ ఖాతాకు మాత్రమే. ఎవరి ఉత్తరం వాళ్లే విప్పాలి కదా.

కొత్త వరుస

పోసిక్స్ ప్రమాణంలో వచ్చిన ఇంకో రకం మెసేజ్ క్యూ కూడా లినక్స్‌లో ఉంది. అక్కడ రకం ఉండదు, ప్రాముఖ్యం ఉంటుంది. అందుకునేవాళ్లకు ఎంచుకునే వీలు లేదు, అన్నిటికన్నా ఎక్కువ ప్రాముఖ్యం ఉన్నవాటిలో ముందొచ్చినదే చేతికొస్తుంది. మామూలు ఉత్తరాల కన్నా ముందు టెలిగ్రాం ఇచ్చినట్టు అనుకోండి. 2013 జూలైలో ఆ సేవ ఆగిపోయింది కాబట్టి మనలో చాలామందికి అది అమ్మమ్మలు చెప్పిన సంగతే. ఈ కొత్త వరుసలో ఒక మేలుంది. అందుకునే బఫర్ ఆ వరుసలో పట్టే అతిపెద్ద కబురు కన్నా చిన్నదైతే కాల్ ఒప్పుకోనే ఒప్పుకోదు. తోక తెగే ప్రశ్నే లేదు. తెలుగు కబుర్లకు ఇదే క్షేమం.

చేసి చూడండి

1. వరుసలో ముందు నుంచి రకాలు 4, 2, 4, 1. మైనస్ 4తో నాలుగుసార్లు అడిగితే ఏ క్రమంలో వస్తాయి?
2. 'అమ్మ' అన్న మాటకు ఎన్ని బైట్లు? సున్నా బైటు కలిపితే?
3. 'రేపు రావచ్చు', 'రేపు రావద్దు' ఈ రెండూ ఒకేలా కనిపించే అతిపెద్ద బఫర్ ఎన్ని బైట్లు?

జవాబులు: ఒకటి, 1, 2, ముందున్న 4, వెనకున్న 4. రెండు, 12, సున్నాతో 13. మూడో జవాబు ఇక్కడ ఇవ్వడం లేదు. పైన డబ్బు లెక్క చేసినట్టే చేసి, మీ అంకెను ఈ కాగితం కింద పెన్సిల్‌తో రాయండి.